అయిదో పుస్తకం

అంబాజీపేటలో తాతబ్బాయి గారి కొబ్బరి కొట్టు.
కురిడీ బస్తాల పక్కన నాకో బల్ల వేశారు.
కీబోర్డు సందుల్లో పీచు దుమ్ము,
ఏ అక్షరం నొక్కినా కరకరమంటోంది.

పని చిన్నదే.
ఒక వరుస సేవ్ అయితే
దాని చుట్టాలన్నీ వాటంతటవే సర్దుకోవాలి.
పల్లాలమ్మ వెయ్యి కాయలు వలిచిందని రాస్తే
రాశిలో కాయ తగ్గాలి, డొక్క పెరగాలి,
వలుపు కూలి ఆవిడ పద్దుకెక్కాలి,
అందులోంచి అడ్వాన్సు తెగాలి,
బాకీ ఆ మేరకు కరగాలి.
ఒక్క నొక్కుకి అయిదు చోట్ల.

ఇన్నాళ్ళూ ఆ అయిదు చోట్లా పేరిశాస్త్రి గారే.
చిట్టాలో రాసి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి,
వేలు తడిచేసుకుని ఆవర్జా తిప్పి,
భోజనానికి వెళ్ళి, ఓ కునుకు తీసి వచ్చి
మిగతావి.
అయిదో పుస్తకం దాకా వచ్చేసరికి
ఒక్కోనాడు చీకటి పడేది.

మొదటి రాత్రి నా కోడ్ గిర్రున తిరిగింది.
కూలి సేవైతే బాకీని లేపింది,
బాకీ సేవైతే కూలిని లేపింది.
"ముందు మీరు కూర్చోండి వదినగారూ"
"అబ్బే, మీరు కూర్చోందే నేనా"
అని వియ్యపురాళ్ళిద్దరూ
తెల్లారేదాకా నిలబడే ఉన్నారు.
మధ్యలో ఓ మాట పెట్టాను:
ఈ కబురు మన ఇంట్లోంచే బయల్దేరిందా? అయితే ఊరుకో.
ఊరుకుంది.

తర్వాత పాత పుస్తకాలు ఎక్కించాను, పదకొండేళ్ళవి.
అన్నీ మళ్ళీ మొదటినుంచి కూడమన్నాను.
కూడింది.

మధ్యాహ్నానికి పల్లాలమ్మ వచ్చింది,
గునపం దగ్గర్నుంచి లేచి అలాగే, చేతుల నిండా పీచుతో.
ఫోన్ నా ముందు పెట్టింది.
"ఏవమ్మాయ్, నిన్న రెండువేల నూట యాభై.
ఇయ్యాల ఏడువేల నాలుగొందలంట.
రాత్రి నిద్దట్లో ఏవైనా తిన్నానా నేను?"

మూడు రోజులు వెతికాను.
తేదీలా, రెండుసార్లు పడ్డ వరుసా,
నాలుగుని ఏడుగా చదివానా.
నా లెక్క తప్పలేదు.
చిట్టాలో ఉన్న అడ్వాన్సులు కొన్ని
అయిదో పుస్తకంలోకి రానే లేదు.
లంకలు మునిగిన ఆగస్టులో ఒకటి.
వాళ్ళబ్బాయి చెయ్యి విరిగిన వారం రెండు.
ప్రతిదాని పక్కనా నువ్వుగింజంత పెన్సిల్ చుక్క.
ఏటా ఆ పుస్తకం చివర సంతకం
తాతబ్బాయి గారిదే. చదివి పెట్టారో, చదవక పెట్టారో.

సాయంత్రం శాస్త్రి గారింటికి వెళ్ళాను.
అరుగు మీద విసనకర్రతో కూర్చున్నారు.
"ఆ పూట ఆవిడ పద్దు కనపడలేదమ్మా.
కళ్ళలో శుక్లాలు."
శుక్లాలు తీయించి ఏడేళ్ళయింది కదండీ.
"ఊఁ" అని
మజ్జిగ తెమ్మని లోపలికి కేకేశారు.
మజ్జిగలో దబ్బాకు, ఉప్పు కాస్త ఎక్కువ.
ఇంకేం అడగలేదు.

వచ్చి, బాకీలన్నీ ఆయన రాసిన అంకె దగ్గరే మొదలుపెట్టాను.
నాలుగు పుస్తకాలకీ తీగ అలాగే ఉంచాను,
నొక్కితే చాలు, రెప్పపాటులో సర్దుకుంటాయి.
అడ్వాన్సు బాకీలోకి ఎక్కే తీగ మాత్రం తెంపాను.
అక్కడ ఎవరో ఒకరు కూర్చుని,
ఆ పేరు చదివి,
వేలితో నొక్కాలి.

"ఇదొక్కటీ మనమే ఎందుకు నొక్కడం?"
తాతబ్బాయి గారు అడిగారు.
రూలండి, అన్నాను.
ఎవరి రూలని ఆయన అడగలేదు.

ఆ బటన్ మీద ఏం రాయాలో చాలాసేపు తోచలేదు.
బయట ఆఖరి లారీకి తాళ్ళు బిగిస్తున్నారు.
'చీకటి పడ్డాక' అని రాసి
సేవ్ చేశాను.